బాతు పిల్లలకు బ్రూడర్ (వెచ్చగా ఉంచే పెట్టె): బల్బు వేసినా రాత్రికి రాత్రి చచ్చిపోతున్నాయి

మున్నేరు_ఒడ్డు
ముప్పై కాకీ క్యాంప్‌బెల్ పిల్లలు తెచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. మొన్న రాత్రి ఒకటి పోయింది, నిన్న రాత్రి మూడు. పగలంతా బాగానే తిరుగుతున్నాయి, తింటున్నాయి, గోల గోల చేస్తున్నాయి. తెల్లారి చూస్తే ఓ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటున్నాయి, అడుగున పడ్డవి తడిసి ముద్దై చల్లబడిపోయి ఉంటున్నాయి. నాటు కోడి పిల్లలను ఇంతకు ముందు రెండు బ్యాచ్‌లు ఇదే పెట్టెలో పెంచాను, ఇంత తంటా ఎప్పుడూ లేదు.

కూలర్ వచ్చిన అట్టపెట్టె, కింద న్యూస్‌పేపర్, పైన బల్బు ఒకటి, స్టీలు బేసిన్‌లో నీళ్ళు, పళ్ళెంలో కోడి పిల్లల దాణా. ఇంతే నా సెటప్. నాన్న ఏమీ అనడం లేదు కానీ పొద్దున్నే పెట్టె దగ్గరికి వచ్చి లెక్కపెట్టి వెళ్తున్నాడు, అది ఇంకా టెన్షన్. ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి.

గంపకింద_కోడి
బల్బు ఎన్ని వాట్లు?

మున్నేరు_ఒడ్డు
9. కొత్తదే, మొన్నే కొన్నాను.

గంపకింద_కోడి
9 అంటే ఎల్‌ఈడీనా?

మున్నేరు_ఒడ్డు
అవును, ఇంట్లో అన్నీ అవే. వెలుతురు బాగానే ఉంది.

కొల్లేరు_గట్టు
వెలుతురు బాగానే ఉంటుంది తమ్ముడూ, పిల్లలు టెన్త్ పరీక్షలకు చదువుకోవాలంటే.

గంపకింద_కోడి
😂 పాపం వదిలేయండన్నా. మున్నేరు, ఎల్‌ఈడీకి వేడి రాదు. ఫిలమెంటు బల్బు కావాలి, పాతకాలం పసుపు వెలుతురుది. టౌన్‌లో పెద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో ఇంకా దొరుకుతుంది, కోళ్ళకి అని చెప్తే వాళ్ళే తీసిస్తారు.

కొల్లేరు_గట్టు
నవ్వులాటకు అన్నాను, ఏమనుకోకు. అసలు విషయం చెప్తాను.

పిల్లకు రెండు వాట్ల లెక్కన చూసుకో. నీకు మిగిలినవి ఇరవై ఆరు, కాబట్టి 60 వాట్ల బల్బు ఒకటి చాలాలి. కానీ ఇది డిసెంబరు, రాత్రి చలి గట్టిగా ఉంది, అందుకని 60వి రెండు కట్టు. ఒకటి మాడిపోయినా రెండోది తెల్లారేదాకా కాపాడుతుంది. 100 వాట్లది ఒక్కటే పెట్టి అది అర్ధరాత్రి టప్పుమంటే ఏం చేస్తావ్? నేల నుంచి అడుగున్నర ఎత్తులో వేలాడదీసి, పిల్లలను చూసి పైకీ కిందకీ జరుపుకో. మొదటి వారం 32 డిగ్రీల దాకా ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ నాలుగో వారానికి 23-24కి తెస్తే చాలు. ఎండాకాలం అయితే రెండు వారాలకే బల్బు తీసేస్తాం. బాతు పిల్ల కోడి పిల్లంత సుకుమారం కాదు, త్వరగా తట్టుకుంటుంది.

లెక్కల_మాస్టారు
థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి. మనవాళ్ళు గోడకు తగిలించి 32 ఉంది అంటారు. పిల్ల వీపు ఎత్తులో, అంటే నేలకు రెండంగుళాల పైన, బల్బు వెలుగు పడే చోటు అంచున చూడాలి.

కొల్లేరు_గట్టు
మాస్టారూ, ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో థర్మామీటర్ లేదు. పిల్లలే థర్మామీటర్. బల్బు కింద కుప్పపడి కీచుకీచుమంటే చలి. నోళ్ళు తెరుచుకుని దూరంగా అంచులకు పోయి పడుకుంటే ఉక్క. అక్కడోటి ఇక్కడోటి కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటే సరిపోయింది.

లెక్కల_మాస్టారు
మీకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది కాబట్టి మీకు సరిపోతుంది. ఆ అబ్బాయికి ఉన్నది నాలుగు రోజుల అనుభవం. నూట యాభై రూపాయల థర్మామీటర్ కొనుక్కుంటే తప్పేమిటి?

ఇంకో లెక్క. కూలర్ పెట్టె రెండున్నర అడుగులు బై రెండు అడుగులు అనుకుందాం, ఐదు చదరపు అడుగులు. ఊక మీద పెంచితే మూడు వారాల దాకా ఒక్కో బాతు పిల్లకు ఒక చదరపు అడుగు కావాలి. ఇరవై ఆరింటికి ఇరవై ఆరు. అంటే ఐదు మంది పట్టే ఆటోలో ఇరవై ఆరు మందిని ఎక్కించారు.

గంపకింద_కోడి
మా రూట్‌లో ఆటోలు అలాగే పోతాయి మాస్టారూ.

పెరటి_పిన్ని
అందరూ బల్బు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ అబ్బాయి "తడిసి ముద్దై" అని రాశాడు, అది ఒక్కరైనా చదివారా?

నాన్నా, నీ పిల్లలు ఊరికే చలికి పోలేదు, తడిసి చలికి పోయాయి. ఆ స్టీలు బేసిన్ ఇప్పుడే తీసెయ్. బాతు పిల్ల నీళ్ళు కనపడితే తాగి ఊరుకోదు. దిగుతుంది, మునుగుతుంది, పక్కవాటి మీద జల్లుతుంది, వచ్చి పేపర్ మీద దొర్లుతుంది. తల్లి దగ్గర పెరిగిన పిల్లకైతే తల్లి రెక్కల కింద దూరినప్పుడు తల్లి ఈకల నూనె ఒంటికి అంటుకుంటుంది, నీళ్ళు జారిపోతాయి. హేచరీ (గుడ్లను మిషన్‌లో పొదిగించే చోటు) నుంచి వచ్చిన పిల్లకు తల్లి ఎక్కడిది? దాని ఒంటి మీద ఉన్నది ఉత్త నూగు, దూదిలా పీల్చేస్తుంది. ఒకటి తడిస్తే వెచ్చదనం కోసం మిగతా వాటి మధ్యకు దూరి వాటినీ తడుపుతుంది. కోడి పిల్లలతో నీకు ఈ బాధ ఎందుకు రాలేదంటే అవి నీళ్ళలోకి దిగవు కాబట్టి. అదే పెట్టె, తేడా అంతా ఆ బేసిన్‌లోనే ఉంది.

మున్నేరు_ఒడ్డు
పిన్నీ, నిజమే, పొద్దున బేసిన్ ఖాళీగా ఉంటోంది. ఇన్ని నీళ్ళు తాగేశాయా అని మురిసిపోయాను.

పాతకాలం_మనిషి
బాతుకు నీళ్ళు పడవు అనడం ఇప్పుడే వింటున్నా. చేప పిల్లకు ఈత నేర్పాలా అంటారు. మా చిన్నప్పుడు పిల్లలు పుట్టిన మర్నాడే చెరువులోకి పోయేవి, ఒక్కటీ చావలేదు. ఈ బల్బులూ థర్మామీటర్లూ ఎవరికి తెలుసు అప్పుడు.

పెరటి_పిన్ని
మీ చిన్నప్పుడు వాటి ముందు తల్లి బాతు ఉండేది కదండీ. ఎప్పుడు గట్టెక్కించాలో దానికి తెలుసు, గట్టెక్కాక రెక్కల కింద పెట్టుకుని ఆరబెట్టేదీ అదే. చేప పిల్లకు నూగు లేదు, తడవడానికి.

పాతకాలం_మనిషి
మరి తల్లి కింద పొదిగించుకోవచ్చుగా. ముప్పై పిల్లలు డబ్బా నిండా కొనుక్కొచ్చి బల్బు కింద పెట్టడం ఎందుకు?

కొల్లేరు_గట్టు
క్యాంప్‌బెల్ బాతు పొదగదు పెద్దాయనా. గుడ్లు పెట్టడానికే తయారుచేసిన జాతి అది, ఏడాదికి 250 పైన పెడుతుంది, పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. పొదుగుడు కావాలంటే నాటు కోడి కింద పెట్టాల్సిందే. కోడి గుడ్డుకు 21 రోజులు, బాతు గుడ్డుకు 28. ఆ వారం ఎక్కువ కూర్చోవడానికి కొన్ని కోళ్ళు ఒప్పుకోవు, మధ్యలో లేచిపోతాయి. మస్కోవీ జాతి బాతు అయితే 35 రోజులు, కానీ దానికదే ఓపిగ్గా పొదుగుతుంది.

గంపకింద_కోడి
మా అమ్మమ్మ ఒకసారి కోడి కింద పది బాతు గుడ్లు పెట్టింది. పిల్లలు లేచాయి, వారం బాగానే ఉంది. ఓ రోజు పిల్లలన్నీ బోదెలోకి దిగిపోయాయి. ఆ కోడి గట్టు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరిగెడుతూ పెట్టిన ఏడుపు చూసి వీధి వీధంతా వచ్చింది. అమ్మమ్మ ఆ కోడిని ఎత్తుకుని ఓదార్చింది. ఒట్టు, నిజంగా ఓదార్చింది.

పాతకాలం_మనిషి
ఆ కోడి కిందే బతికాయిగా, బల్బు లేకుండా. నా మాట అదే.

చేపలచెరువు_పక్కోడు
బేసిన్ తీసేసి ఏం పెట్టాలో చెప్పకుండా తిట్టుకుంటే ఎలా. మున్నేరు, ఇంట్లో ఐదు లీటర్ల నూనె క్యాను ఖాళీది ఉంటుంది చూడు. సబ్బు నీళ్ళతో జిడ్డు పోయేదాకా కడుగు. అడుగు నుంచి మూడంగుళాల పైన చుట్టూ బాతు పిల్ల తల పట్టేంత కంతలు, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి, వేడి చేసిన చాకుతో కొయ్. అంచులు గరుకుగా ఉంటే కొవ్వొత్తి మంటకు చూపించు, నునుపెక్కుతాయి. కంతల కిందదాకా నీళ్ళు పొయ్యి. పిల్ల తల లోపల పెట్టి తాగుతుంది, ఒళ్ళు బయటే ఉంటుంది.

నీళ్ళు తక్కువ పోస్తే మంచిది అనుకుని పళ్ళెంలో అరంగుళం పొయ్యకు. అదీ తప్పే. ముక్కు రంధ్రాలు, కళ్ళు మునిగేంత లోతు ఉండాలి, రెండంగుళాలు తక్కువ కాకుండా. తిన్న దాణా ముక్కులో అతుక్కుంటుంది, కడుక్కోవడానికి నీళ్ళు లేకపోతే కళ్ళు పుసికట్టి మూసుకుపోతాయి. మా మొదటి బ్యాచ్‌లో అలా నాలుగింటికి కళ్ళు అంటుకుపోయాయి.

పెరటి_పిన్ని
క్యాను మంచి ఉపాయం. నేనైతే మట్టి మూకుట్లో మధ్యన గుండ్రాయి పెట్టేదాన్ని, చుట్టూ ముక్కు పట్టేంత సందు మిగులుతుంది. రెండూ ఒకటే. కానీ దాని కింద ఏం పెడతావన్నది ముఖ్యం. బాతు ఒక ముద్ద తిని పరుగున వెళ్ళి ఒక గుక్క తాగుతుంది, మళ్ళీ ముద్ద, మళ్ళీ గుక్క, దారంతా కార్చుకుంటూ. ఒక వెడల్పాటి తట్ట తీసుకుని దాని మీద ఇనుప జాలీ పరిచి, జాలీ మీద నీళ్ళ క్యాను పెట్టు. కారిన నీళ్ళు జాలీలోంచి తట్టలోకి పోతాయి, ఊక పొడిగా ఉంటుంది. జాలీ కన్ను చిన్నది చూసుకో, పెద్దదైతే కాళ్ళు ఇరుక్కుంటాయి. రోజుకు రెండుసార్లు తట్ట వంపు. ఎంత నీరు వస్తుందో నీకే తెలుస్తుంది, అదంతా ఇన్ని రోజులూ వాటి పక్క కింద ఉంది.

మున్నేరు_ఒడ్డు
క్యాను కోశాను, చెయ్యి కూడా కోశాను. జాలీ లేదు, పాత టేబుల్ ఫ్యాన్ ముందు గ్రిల్ ఉంది, అది పనికొస్తుందా?

చేపలచెరువు_పక్కోడు
గ్రిల్ కడ్డీల మధ్య సందు పెద్దది కదా, దాని మీద దోమల జాలీ గట్టి ముక్క కట్టి వాడు ఇవాళ్టికి. రేపు హార్డ్‌వేర్ షాపులో అరంగుళం కన్ను జాలీ రెండడుగులు తెచ్చుకో.

వెటర్నరీ_మూడో_ఏడు
న్యూస్‌పేపర్ కూడా తీసేయండి ప్లీజ్. నున్నగా ఉంటుంది, తడిస్తే మరీ జారుతుంది. ఈ వయసులో కాళ్ళు జారితే తొడ కీళ్ళు పక్కలకు సాగిపోయి పిల్ల కప్పలా పరుచుకుపోతుంది. మొదటి రెండు మూడు రోజులు ఊక మీద గోనె సంచి పరచండి, లేకపోతే ఊకను దాణా అనుకుని తినేస్తాయి. దాణా ఏదో గుర్తుపట్టాక గోనె తీసేసి రెండు మూడంగుళాల ఊక మీద వదిలేయండి. రంపపు పొట్టు అయితే మరీ సన్నటిది వద్దు, దుమ్ము.

మున్నేరు_ఒడ్డు
కప్పలా అన్నారు కదా, ఒకటి సరిగ్గా అలాగే ఉంది. నేను పుట్టుకతో వచ్చింది అనుకున్నా. ఏమైనా చెయ్యొచ్చా?

వెటర్నరీ_మూడో_ఏడు
త్వరగా చూస్తే సరి అవుతుంది. గాయాలకు వేసే అంటించే పట్టీ సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళూ మామూలుగా నిలబడినప్పుడు ఉండే దూరంలో, ఒక్కో కాలికి చుట్టి మధ్యలో వంతెనలా కలపండి. సంకెళ్ళలా, కానీ బిగించకండి, కాలు వాస్తే వెంటనే విప్పండి. గరుకు నేల మీద విడిగా ఉంచి రెండు మూడు రోజులు చూడండి. తిండీ నీళ్ళూ దాని ముందే పెట్టాలి.

లెక్కల_మాస్టారు
పెట్టె సంగతి తేల్చండి. మూలలు ఉన్న పెట్టె వద్దు, మూలకు చేరే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. గుండ్రంగా కట్టాలి. ఇరవై ఆరు చదరపు అడుగులకు అడ్డం ఐదు అడుగుల తొమ్మిది అంగుళాలు, చుట్టుకొలత పద్దెనిమిది అడుగులు. అడుగున్నర ఎత్తున్న రేకు గానీ గట్టి అట్ట గానీ పద్దెనిమిది అడుగులు తీసుకుని చుట్టూ నిలబెట్టి రెండు కొసలూ క్లిప్పులతో కలపండి. పిల్లలు పెరిగే కొద్దీ ఇంకో ముక్క చేర్చి వెడల్పు చేయవచ్చు. బల్బు నడిమధ్యలో కాకుండా ఓ పక్కకు, నీళ్ళు రెండో పక్కకు. వెచ్చగా కావాలన్నది బల్బు వైపు పోతుంది, వద్దన్నది ఇటు వస్తుంది.

గంపకింద_కోడి
ఈ మాస్టారు నాకు స్కూల్లో ఉండుంటే లెక్కల్లో 35 దాటేది.

చేపలచెరువు_పక్కోడు
బల్బు కట్టేటప్పుడు ఒక మాట. వైరుతోనే వేలాడదీయకండి. నేను అలాగే కట్టాను, ఎలుక కొరికిందో హోల్డరే ఊడిందో తెలీదు, తెల్లవారుజామున నాలుగింటికి కాలిన వాసన వచ్చి లేచాను. బల్బు ఊకలో బోర్లా పడి ఉంది, చుట్టూ పళ్ళెమంత మేర నల్లగా కమిలి పొగ వస్తోంది, మంట ఇంకా లేవలేదు. పిల్లలన్నీ అవతలి అంచున గోడకు అతుక్కుని అరుస్తున్నాయి. ఇంకో పది నిమిషాలు పడుకుని ఉంటే పక్కన గడ్డివాము ఉంది, అంతే సంగతులు. అప్పట్నుంచీ హోల్డర్‌కు విడిగా ఇనుప గొలుసు కట్టి దూలానికి తగిలిస్తాను, చుట్టూ జాలీ బుట్ట వేస్తాను, వైరు ఊరికే వెంట వస్తుంది, బరువు మొయ్యదు.

డల్లాస్_పెరడు
ఇది చాలా కరెక్ట్. ఇక్కడ కూడా వేడి బల్బుల వల్ల షెడ్లు తగలబడటం మామూలే, అందుకే మేము హీట్ ప్లేట్ వాడుతున్నాం. చిన్న బల్లలా ఉంటుంది, పిల్లలు దాని కిందకి దూరతాయి, తల్లి రెక్క కింద దూరినట్టే. కరెంటు చాలా తక్కువ. ఇంకోటి, ఇక్కడ కొన్ని హీట్ బల్బులు పగలకుండా టెఫ్లాన్ పూత వేసి అమ్ముతారు, అవి వేడెక్కితే వచ్చే పొగ పక్షులకు ప్రాణాంతకం. ఇండియాలో ఎవరైనా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె మీద చదివి కొనండి.

పాతకాలం_మనిషి
డల్లాస్‌లో బాతులు పెంచడానికా అమెరికా వెళ్ళింది?

డల్లాస్_పెరడు
కోడ్ రాయడానికి వచ్చానండీ, బాతులు మనసు బాగుండటానికి. ఆరు ఉన్నాయి. మా ఆవిడ వాటికి మా ఆఫీసు మేనేజర్ల పేర్లు పెట్టింది.

మున్నేరు_ఒడ్డు
అప్‌డేట్. నిన్న రాత్రి ఒక్కటీ పోలేదు. 60 వాట్లవి రెండు, టౌన్‌లో మూడు షాపులు తిరిగితే దొరికాయి. రేకు దొరకలేదు, ఫ్లెక్సీ బ్యానర్ వెనక ఉండే సన్నటి కర్ర ఫ్రేములకు అట్టలు కొట్టి చుట్టూ పెట్టాను. క్యాను, గ్రిల్, తట్ట. పొద్దున తట్టలో చెంబెడు నీళ్ళు. పిన్నీ, మీరన్నది కళ్ళారా చూశాను.

కాళ్ళ సంకెళ్ళ పిల్ల పడుతూ లేస్తూ నిలబడుతోంది. నాన్న లెక్కపెట్టి "ఇరవై ఆరే" అని వెళ్ళాడు. నాలుగు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట.

దాణా సంగతి ఇప్పుడు అడగాలి. కోడి పిల్లల స్టార్టర్ (మొదటి వారాల్లో వేసే దాణా) సరిపోతుందా? నాన్న వేరుశనగ చెక్క నానబెట్టి వేద్దాం అంటున్నాడు, గేదెలకు తెచ్చింది ఇంట్లో బస్తా ఉంది.

వెటర్నరీ_మూడో_ఏడు
చెక్క వద్దు!! దయచేసి వద్దు. వేరుశనగ చెక్కలో తేమ తగిలితే ఒక రకం బూజు పడుతుంది, అది అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది. గేదె కొంత తట్టుకుంటుంది, కోడి కొంత తట్టుకుంటుంది, బాతు పిల్ల అస్సలు తట్టుకోలేదు, లివర్ పోతుంది. ఈ విషాన్ని కనిపెట్టిందే అలా. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి, వాటితో బాతు పిల్లలు కూడా. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దాణాలో కలిపారని తేలింది. ఆ తర్వాత దాణాలో ఈ విషం ఉందా లేదా అని పరీక్షించడానికి బాతు పిల్లలకే తినిపించి చూసేవాళ్ళు, అంత సున్నితం.

కొల్లేరు_గట్టు
మేం చెక్క వేస్తూనే ఉన్నాం, ఏమీ కాలేదే?

వెటర్నరీ_మూడో_ఏడు
అన్నా, బూజు పట్టని తాజా చెక్క అయితే ఏమీ కాదు. కంటికి కనపడని బూజు ఉన్న బస్తా ఒక్కటి చాలు. గేదెల పాక మూల ఉన్న బస్తా తాజాదని ఎవరు గ్యారంటీ ఇస్తారు? మొక్కజొన్న కూడా తడిసి ఆరబెట్టింది వాడకూడదు.

కొల్లేరు_గట్టు
అదీ నిజమే. మూడేళ్ళ కింద ఒక బ్యాచ్ మూడో వారంలో ఉన్నట్టుండి మేత మానేసి సగం పోయాయి, డక్ ప్లేగు (బాతులకు వచ్చే అంటురోగం) అనుకున్నాం. ఆ ఏడు తుఫానుకు బస్తాలు తడిశాయి. ఇప్పుడు ఆలోచిస్తే...

పెరటి_పిన్ని
కోడి పిల్లల స్టార్టర్ సరిపోతుంది బాబూ, మందు కలపనిది అడిగి తీసుకో. పొడిగా వెయ్యకు. పొడి పిండి నాలుకకు అంటుకుని గొంతు పడుతుంది. ఉప్మా రవ్వ తడిపినట్టు నీళ్ళు చిలకరించి పొడిపొడిగా ఉండేలా కలుపు, ముద్ద చెయ్యకు. గంటలో తిన్నంతే వెయ్, మిగిలింది తీసెయ్, పులుస్తుంది. రెండో వారం నుంచి నానబెట్టిన నూకలు, సన్నగా తరిగిన తోటకూర, అజొల్లా (నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) ఉంటే అదీ.

డల్లాస్_పెరడు
నయాసిన్ ఎవరూ చెప్పలేదు. మా మొదటి ఆరింటిలో రెండు రెండో వారంలో నడవకుండా మడమల మీద కూర్చుండిపోయేవి, కీళ్ళు ఉబ్బి కాళ్ళు వంకర. బాతు పిల్లకు నయాసిన్, అంటే విటమిన్ బి3, కోడి పిల్లకు కావాల్సినదానికి రెట్టింపు దాకా కావాలి, కిలో దాణాకు 55 మిల్లీగ్రాములు. కోడి దాణాలో అంత ఉండకపోవచ్చు. మేం బ్రూవర్స్ ఈస్టు (బీరు తయారీలో వాడే ఈస్టు) పొడి కలిపాం, నాలుగు రోజుల్లో ఒకటి లేచి నడిచింది, రెండోది కొంచెం కుంటి, ఇప్పటికీ. దాని పేరు డైరెక్టర్.

మున్నేరు_ఒడ్డు
ఇక్కడ ఆ ఈస్టు ఎక్కడ దొరుకుతుంది? బేకరీ ఈస్టు వెయ్యొచ్చా?

వెటర్నరీ_మూడో_ఏడు
బేకరీ ఈస్టు వద్దు, పొట్టలో పొంగుతుంది. పశువుల మందుల షాపులో పౌల్ట్రీ బి-కాంప్లెక్స్ ద్రావణం ఉంటుంది, నీళ్ళలో కలిపేది. సీసా మీద నయాసిన్ గానీ నయాసినమైడ్ గానీ రాసి ఉందో చూసి, మోతాదు మీ పశువుల డాక్టర్‌ను అడిగి వాడండి.

పాతకాలం_మనిషి
నత్తలు వెయ్యండి, చిన్నవి చితక్కొట్టి. అన్ని విటమిన్లూ అందులోనే.

పెరటి_పిన్ని
ఇదొక్కటి పెద్దాయన మాట నేను ఒప్పుకుంటాను. కాకపోతే మూడు వారాలు దాటాక.

మున్నేరు_ఒడ్డు
పదో రోజు. రాత్రి కరెంటు పోయింది, రెండు గంటలు రాలేదు. ఇన్వర్టర్ ఫ్యాన్లకే చాలదు. నేను ఫోన్ లైటు పట్టుకుని కూర్చుని ఈ థ్రెడ్ తెరిస్తే సిగ్నల్ కూడా లేదు. అమ్మ లేచి స్టవ్ మీద నీళ్ళు కాచి నాలుగు కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి, పాత తువ్వాళ్ళు చుట్టి మధ్యలో పడుకోబెట్టింది. పిల్లలన్నీ సీసాలకు అతుక్కుపోయాయి. కూలిపోతాయేమో అని సీసాల మధ్య ఇటుకలు పెట్టింది. పైన దుప్పటి సగం కప్పి సగం వదిలింది, "పూర్తిగా కప్పితే ఊపిరాడదు" అంది. మా అమ్మ జీవితంలో బాతు పెంచలేదు. ఒక్కటీ పోలేదు.

గంపకింద_కోడి
అమ్మకు ఇక్కడ అకౌంట్ తెరువు. నీ కంటే బాగా రాస్తారు.

చేపలచెరువు_పక్కోడు
సీసాల్లో సలసల కాగే నీళ్ళు పొయ్యకండి, ప్లాస్టిక్ ముడుచుకుపోయి మూత ఊడుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు, గంటకోసారి మార్చాలి.

లెక్కల_మాస్టారు
పదో రోజు కదా, బల్బులు ఒక చెయ్యి పైకి లేపారా?

మున్నేరు_ఒడ్డు
లేపాను. థర్మామీటర్ కూడా కొన్నాను మాస్టారూ, 29 చూపిస్తోంది. పిల్లలు కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాయి. కొల్లేరు అన్న చెప్పిందీ మీరు చెప్పిందీ ఒకటే చూపిస్తున్నాయి, ఇక కొట్టుకోకండి.

కొత్త సమస్య: వాసన. ఊక పైన పొడిగానే ఉంది, కింద కెలికితే కళ్ళు మండుతున్నాయి.

పెరటి_పిన్ని
నీకు నిలబడితే మండితే, రెండంగుళాల ఎత్తులో ఉండేవాటికి ఎంత మండుతుందో చూసుకో. రోజూ నీళ్ళ తట్ట చుట్టుపక్కల తడి ఊక తీసి కొత్తది వెయ్. మిగతాది రెండు రోజులకోసారి గుల్లచెయ్. గది కిటికీ పైభాగం తెరిచి ఉంచు, గాలి నేరుగా పిల్లల మీద కొట్టకుండా. తీసిన ఊక పారెయ్యకు, నిమ్మ చెట్టు మొదట్లో పోస్తే చెట్టు నిన్ను మర్చిపోదు.

గంపకింద_కోడి
రాత్రిళ్ళు పైన వల కప్పుతున్నావా? మా ఇంట్లో ముంగిస ఒక్క రాత్రిలో పదకొండు కొరికి పడేసింది, తిన్నది ఒక్కటే.

మున్నేరు_ఒడ్డు
కప్పుతున్నాను. ముంగిస కంటే మా పక్కింటి పిల్లి భయం.

మున్నేరు_ఒడ్డు
ఇరవై ఆరో రోజు. బల్బు తీసేసి మూడు రోజులైంది. ఇరవై ఐదు ఉన్నాయి, ఒకటి పిల్లి పాలైంది, వల మీద ఇటుక పెట్టడం మర్చిపోయిన రోజు. సంకెళ్ళ పిల్ల ఏదో ఇప్పుడు గుర్తుపట్టలేకపోతున్నాను, అంటే బాగైనట్టే.

నిన్న మధ్యాహ్నం ఎండలో మొదటిసారి వెడల్పు టబ్బులో నాలుగంగుళాల నీళ్ళు పోసి, ఎక్కి దిగడానికి ఒక పక్క ఇటుకలు మెట్టులా పెట్టి వదిలాం. పది నిమిషాలు. ముందు ఒక్కటీ దిగలేదు, చుట్టూ చేరి మెడలు సాచి చూశాయి. ఒకటి జారి పడింది. పడి, ఒక్క క్షణం కదలకుండా ఉండి, తల ముంచి లేపి వీపు మీద నీళ్ళు జల్లుకుంది, అంతే, మిగతావన్నీ తోసుకుంటూ దూకాయి. ఈకలు మొదలైన చోట నీళ్ళు పూసల్లా జారుతున్నాయి, మెడ దగ్గర నూగు ఇంకా తడుస్తోంది. ఎండలో ఆరబెట్టి లోపల వేశాం. నాన్న కుర్చీ వేసుకుని చూశాడు. ఆయన భుజం మీద ఎర్ర తుండు చూస్తే చాలు అన్నీ వెనకే పోతున్నాయి, నా వెనక రావు.

కొల్లేరు_గట్టు
తిండి తెచ్చేది ఆయనే అయ్యుంటాడు. ఎనిమిది పది వారాల్లో డక్ ప్లేగు టీకా వేయించు, మర్చిపోకు. పెట్టలు ఎన్నో తెలిసిందా?

మున్నేరు_ఒడ్డు
ఇంకా లేదన్నా, అన్నీ ఒకేలా అరుస్తున్నాయి.

కొల్లేరు_గట్టు
ఇంకో నెల ఆగు. గట్టిగా బాక్ బాక్ మని వీధి ఎగరగొట్టేది పెట్ట. జలుబు చేసినట్టు బొంగురుగా గుసగుసలాడేది పోతు.

గంపకింద_కోడి
మా ఇంట్లో కూడా అంతే.

పాలేరు_రైతు
థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగం. నేను నిన్న యాభై టర్కీ పిల్లలు తెచ్చాను, రాత్రి రెండు పోయాయి. మొత్తం సెటప్ కరెక్ట్‌గానే ఉంది, గదిలో కాంతి కూడా బాగా ఉంది. ఏం చెయ్యాలి?

గంపకింద_కోడి
బల్బు ఎన్ని వాట్లు?